గోలు కాసిన చేతులు

కోతలయిపోయి, అపరాలు కూడా తీసేశాక మా ఊళ్లో చేలన్నీ ఖాళీ. మళ్లీ కాలవలకి నీళ్లొదిలే దాకా అవే మా ఫుట్‌బాల్ గ్రౌండ్లు. మేకుల్లా నిలబడ్డ వరి మోళ్ల మీద ఉత్తికాళ్లతో పరుగెత్తేవాళ్లం. అటు రెండు ఇటుకలు, ఇటు రెండు ఇటుకలు పెడితే గోల్ పోస్టులైపోయినట్టే. పైన అడ్డకర్ర లేదు, వెనకాల వల లేదు. అందుకని ప్రతి ఆటా తగువుతోనే ముగిసేది. 'తలమీంచి పోయిందిరా, గోలు కాదు' అని ఒకడు. 'ఎగిరితే అందేదే, గోలే' అని ఇంకొకడు.

ఇక గోలీ సంగతి. జట్లు పంచుకున్నాక ఎవరికీ అక్కర్లేకుండా మిగిలినవాణ్ణి గోల్లో నిలబెట్టేవాళ్లు. పరుగెత్తలేనివాడు, కళ్లజోడువాడు, నిన్ననే జ్వరం తగ్గినవాడు. ఈ మూడు అర్హతలూ ఒక్కడిలోనే ఉంటే వాడు నేను. ఆ అభిమానం కొద్దీ ఇప్పటికీ మ్యాచ్ చూసినా, పాత ఆటగాళ్ల గురించి చదివినా నా కన్ను ముందు గోలీ మీదికే పోతుంది. అలా చదువుతుండగా తగిలినవాడే ఈ వారం మన మనిషి.

పేరు రాబర్ట్ హెర్బర్ట్ మిల్స్-రాబర్ట్స్. మీరు విని ఉండరు. ఈమధ్య దాకా నేనూ వినలేదు. ఇంగ్లండులో లీగు పోటీలు మొదలైన మొట్టమొదటి ఏడాది ఒక్క ఆటా ఓడకుండా లీగునీ, దాంతోపాటు కప్పునీ గెలిచిన జట్టులో ఆయన గోలీ. ఆ తర్వాత బతుకంతా కత్తీ కట్టూ పట్టుకున్నాడు. రెండు యుద్ధాలకు వెళ్లాడు. సైన్యంలో లెఫ్టినెంట్ కల్నల్ అయ్యాడు. ఫుట్‌బాల్ పుస్తకాలు ఆయన గురించి కప్పు దగ్గర ఆపేస్తాయి. నాకు మాత్రం అసలు కథ అక్కణ్ణించే మొదలవుతుందనిపించింది.

ఆయన పుట్టింది 1862లో, ఉత్తర వేల్స్‌లో, పెన్మాఖ్నో అనే కొండ ఊళ్లో. వేల్స్ అంటే ఇంగ్లండుకి పడమటి పక్కన అంటుకుని ఉన్న దేశం. వాళ్ల భాష వేరు, పాట వేరు, ఇంగ్లీషువాడి మీద వాళ్ల కినుకా వేరు. ఆ ఉత్తర కొండల్లో అప్పట్లో బతుకుతెరువు ఒక్కటే. పలక రాయి. మన తరంవాళ్లం అ ఆలు దిద్దిన పలక మార్కాపురం నుంచి వచ్చేది, గుర్తుందిగా? ఆ జాతి రాయే. అక్కడ దాన్ని పల్చటి రేకుల్లా చీల్చి ఇళ్ల కప్పులకి వాడతారు. యూరప్‌లో ఎన్నో పట్టణాల ఇళ్ల మీద ఇప్పటికీ ఉన్నది ఆ వేల్స్ కొండే.

కుర్రాడు అబరిస్ట్విత్ కాలేజీలో చదివాడు. సర్కారు ఇచ్చింది కాదది. 1872లో వేల్స్ జనం ఊరూరా చందాలు వేసుకుని పెట్టుకున్న కాలేజీ. అక్కణ్ణించి వైద్యం చదవడానికి లండన్‌లో సెయింట్ థామస్ ఆసుపత్రికి వెళ్లాడు. థేమ్స్ నదికి ఇవతలి గట్టు మీద, పార్లమెంటుకి ఎదురుగా ఉంటుంది. నర్సుల చదువుకి ఫ్లారెన్స్ నైటింగేల్ బడి పెట్టింది అక్కడే. అక్కణ్ణించి నడిచి వెళ్లేంత దూరంలో ఓవల్ మైదానం. మనకి ఓవల్ అంటే క్రికెట్టే. ఆ రోజుల్లో ఫుట్‌బాల్ కప్పు ఫైనలూ అక్కడే జరిగేది. మెడికల్ స్టూడెంట్లకి చదువు ఎంతో ఆటా అంతే. ఆసుపత్రి జట్టు తరఫున ఆడాడు, పెద్దింటి కుర్రాళ్ల క్లబ్బుల తరఫున ఆడాడు, వేల్స్ దేశం తరఫునా ఆడాడు. 1885 నుంచి 1892 దాకా 8 అంతర్జాతీయ మ్యాచ్‌లు.

అప్పటి ఆట ఎలా ఉండేదో కాస్త చెప్పాలి. లేకపోతే ఆయన చేసిన పనిలోని కష్టం మనకి తెలియదు. గోలుకి వల వచ్చింది 1891లో. పెనాల్టీ కిక్కు కూడా ఆ ఏడే. అంటే మా ఊరి చేలో జరిగిన తగువే అక్కడి పెద్ద పోటీల్లోనూ జరిగేదన్నమాట. గోలీకి వేరే రంగు చొక్కా లేదు. అది 1909లో వచ్చింది. పదకొండు మందిదీ ఒకటే రంగు. గోలీ తన సగం మైదానంలో ఎక్కడైనా చేత్తో బంతి పట్టుకోవచ్చు. ఈ వెసులుబాటు 1912 దాకా ఉంది. అయితే దానికి తగ్గ ఖరీదూ ఉంది. ఎదుటివాళ్లు భుజంతో గుద్ది గోలీని బంతితో సహా గీత దాటించేస్తే అది గోలే. ఫౌలు కాదు! పక్కటెముకలు ఎన్ని ఉంటాయో పుస్తకంలో చదివినవాడు, అవి ఎలా విరుగుతాయో శనివారం సాయంత్రం చూసుకునేవాడన్నమాట.

ఇంకో సంగతి డబ్బు. ఆటకి జీతం పుచ్చుకోవచ్చునని ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం ఒప్పుకున్నది 1885లో. దానికి పట్టుబట్టిన క్లబ్బుల్లో ముందు వరస ప్రెస్టన్ నార్త్ ఎండ్. లాంకషైర్‌లో నూలు మిల్లుల ఊరు ప్రెస్టన్. ఆ క్లబ్బు నడిపిన విలియం సడెల్ ఒక మిల్లు మేనేజరు. స్కాట్లండు నుంచి మంచి ఆటగాళ్లని రప్పించి, జీతాలిచ్చి ఆడించాడు. ఆ జీతగాళ్ల మధ్యన ఇద్దరు ముగ్గురు పైసా పుచ్చుకోకుండా ఆడినవాళ్లున్నారు. ఒకాయన ఫ్రెడ్ డ్యూహర్స్ట్, బడిపంతులు. ఇంకొకాయన మన డాక్టరు.

1888 మార్చిలో ఓవల్‌లో ప్రెస్టన్ కప్పు ఫైనల్ ఆడింది. గెలుపు మాదే అన్న ధీమా ఎంతంటే, ఆట మొదలుకాక ముందే కప్పుతో ఫొటో దిగుతామని అడిగారట. ముందు గెలవండి, తర్వాత దిగుదురు గాని, అని రిఫరీ అన్నాడని చెప్పుకుంటారు. వెస్ట్ బ్రామ్విచ్ ఆల్బియన్ చేతిలో 2-1తో ఓడిపోయారు. ఆ రోజు గోల్లో ఉన్నది మిల్స్-రాబర్ట్సే.

ఆ ఏడే లీగు పుట్టింది. 12 జట్లు, ఒక్కొక్కరికి 22 ఆటలు. ప్రెస్టన్ 18 గెలిచింది, 4 డ్రా చేసుకుంది, ఓటమి లేదు. లీగులో వాళ్ల అసలు గోలీ జేమ్స్ ట్రెయినర్. ఆయనా వేల్స్‌వాడే. డాక్టరు లీగులో ఆడింది రెండే రెండు ఆటలు. కప్పు పోటీ వచ్చేసరికి మాత్రం డాక్టరునే పిలిపించుకున్నారు. సెమీఫైనల్లో నిరుడు ఓడించిన వెస్ట్ బ్రామే ఎదురైతే 1-0తో బాకీ తీర్చేశారు. 1889 మార్చి 30న ఓవల్‌లో ఫైనల్. వుల్వర్‌హాంప్టన్ మీద 3-0. ఆ ఏడు కప్పు పోటీ మొత్తంలో ప్రెస్టన్ మీద ఒక్క గోలూ పడలేదు. ఆ జట్టుకి 'అజేయులు' అన్న పేరు శాశ్వతంగా ఉండిపోయింది. ఒక్క ఓటమి కూడా లేకుండా లీగు గెలవడం ఆర్సెనల్‌కి 2004లో సాధ్యపడింది కాబట్టి, మన కుర్రాళ్లకి అజేయులంటే ఆర్సెనలే గుర్తొస్తుంది. అసలు హక్కుదార్లు వీళ్లు.

అప్పటికి డాక్టరు వయసు 26.

మరుసటి ఏడు, అంటే 1890లో, ఆయన లండన్‌లో ప్రాక్టీసు పెట్టలేదు. సొంత కొండలకి వెళ్లిపోయాడు. స్లన్బెరిస్ ఊరి దగ్గర డినోర్విక్ అనే పలకరాయి క్వారీ ఉంది. మంచి రోజుల్లో 3 వేల మందికి పైగా పనిచేసిన క్వారీ. ప్రపంచంలో అంతకన్నా పెద్దది ఒక్కటే, దాపునే ఉన్న పెన్రిన్. క్వారీకి సొంత ఆసుపత్రి ఉంది. దానికి సర్జన్‌గా చేరాడు.

కొండని మెట్లు మెట్లుగా, ఒక్కో మెట్టు తాటిచెట్టంత ఎత్తున, తొలిచేవాళ్లు. నడుముకో తొడకో గొలుసు చుట్టుకుని రాతిగోడకి వేలాడుతూ సమ్మెట దెబ్బ వెయ్యాలి, మందు కూరాలి, పేల్చాలి. ముఠాలుగా పని. నెలకోసారి యజమాని మనిషితో బేరం. ఇంత వెడల్పు రాయి ఇస్తా, పలకలకి ఇంత రేటు ఇస్తా అని. రాయి మంచిదైతే నాలుగు డబ్బులు మిగులుతాయి, చెడ్డదైతే ఆ నెల అప్పే. కాబట్టి వాన పడినా, మంచు పడినా, పైన బీట ఇచ్చిన రాయి కనబడుతున్నా దిగేవాళ్లే. రాయి జారిందంటే కాలో చెయ్యో నుజ్జు. అలాంటివాళ్లని బల్ల మీదకి తెచ్చి పడుకోబెడితే డాక్టరు చెయ్యాల్సింది అప్పటికి ఎక్కువగా ఒకటే. కోసెయ్యడం.

ఎవరైనా కోస్తారు. ఈయన తర్వాతి సంగతి కూడా చూశాడు. క్వారీకి పెద్ద వర్క్‌షాపు ఉంది, కమ్మరులున్నారు, వడ్రంగులున్నారు. కాలు పోయినవాడికి కాలు, చెయ్యి పోయినవాడికి చెయ్యి అక్కడే చేయించేవాడు, మనిషికి తగ్గట్టు, వాడు చెయ్యబోయే పనికి తగ్గట్టు. కాలు లేనివాడు కొండ ఎక్కలేడు గాని, కింద షెడ్డులో కూర్చుని పలకలు చీల్చగలడు. అంటే కూలి దొరుకుతుంది, ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఓవల్‌లో ఆపిన బంతులన్నిటికన్నా ఆ కర్రకాళ్లే గొప్పవని నా లెక్క. ఫుట్‌బాల్ అభిమానులు నా మీద కోప్పడితే కోప్పడనీండి.

1899 అక్టోబరులో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం మొదలైంది. వేల్స్ జనం మళ్లీ చందాలు వేసుకున్నారు, ఈసారి కాలేజీకి కాదు, యుద్ధభూమికి పంపే ఆసుపత్రికి. 1900లో వెల్ష్ హాస్పిటల్ పేరుతో అది ఓడెక్కింది. సర్జన్లలో మిల్స్-రాబర్ట్స్ ఒకడు. అక్కడ తూటాల కన్నా పెద్ద శత్రువు మంచినీళ్లు. ఆ యుద్ధంలో చచ్చిపోయిన బ్రిటిష్ సైనికులు సుమారు 22 వేలమందైతే, అందులో సగానికి పైగా పోయింది జబ్బులతోనే, ముఖ్యంగా టైఫాయిడ్‌తో. ఆసుపత్రి పెద్దలనే అది వదల్లేదు. సర్జన్ థామస్ జోన్స్ అక్కడే పోయాడు. ఆసుపత్రి కట్టడానికి నడుం కట్టిన ప్రొఫెసర్ ఆల్ఫ్రెడ్ హ్యూస్ టైఫాయిడ్ తగిలించుకుని, అదే ఏడు కన్నుమూశాడు. గోలీ బతికి బయటపడ్డాడు.

ఇక్కడ మనవాళ్ల ప్రస్తావన తేకుండా ఉండలేను. అదే యుద్ధంలో, అంతకు కొద్ది నెలల ముందు, నటాల్‌లో గాంధీగారు భారతీయుల అంబులెన్సు దళం కట్టారు. సుమారు 1,100 మంది. వాళ్లలో ఎక్కువమంది చెరకు తోటల్లో ఒప్పంద కూలీలు. కొలెన్సో, స్పియన్ కాప్ యుద్ధాల్లో గాయపడ్డవాళ్లని డోలీల మీద మైళ్లకి మైళ్లు మోశారు. నటాల్ తోటలకి మద్రాసు రేవులో ఓడెక్కిన వాళ్లలో గోదావరి, విశాఖ జిల్లాల వాళ్లున్నారు. అక్కడి తెలుగు కుటుంబాలు ఈనాటికీ ఉన్నాయి. సర్జన్ పేరు పుస్తకంలో ఉంది, గాంధీగారి పేరు ఉండనే ఉంది. డోలీ కర్ర భుజాన వేసుకున్నవాళ్లలో ఎక్కువమంది 1,100 అన్న అంకెలోనే ఉన్నారు.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆయనకి 52 ఏళ్లు. ఆ వయసులో మనవాళ్లు పెన్షను లెక్కలు వేసుకుంటారు. ఆయన సైనిక వైద్య దళంలో ఫీల్డ్ అంబులెన్స్‌కి కమాండింగ్ అధికారిగా ఫ్రాన్స్ వెళ్లాడు. ఫీల్డ్ అంబులెన్స్ అంటే సైరన్ వేసుకుంటూ పోయే బండి అనుకోకండి. అదో దళం. డోలీలు మోసేవాళ్లు ఒక భాగం, గుడారాల్లో కట్లు కట్టేవాళ్లు ఇంకో భాగం. కందకాల వెనకాల పటాలం డాక్టరు మొదటి కట్టు కడతాడు. అక్కణ్ణించి ఈ దళం వాళ్లు బురదలో ఈడ్చుకుంటూ తెచ్చి, ఎవడు ఆగగలడు, ఎవడు ఆగలేడు అని వేరుచేసి, ఆపరేషన్లు చేసే పెద్ద ఆసుపత్రికి పంపుతారు. ఆ వేరుచెయ్యడమే అన్నిటికన్నా కఠినం. క్షణంలో తేల్చాలి. కంగారు పడితే ఒక ప్రాణం. బంతి తన మీదికి వచ్చేదాకా కదలకుండా నిలబడటం అలవాటైన మనిషికి అది అక్కరకొచ్చి ఉంటుందని నాకో ఊహ. ఊహే సుమా! యుద్ధంలో చేసిన సేవకి సి.ఎం.జి. బిరుదు ఇచ్చారు.

డాక్టరు, యుద్ధం అన్న రెండు మాటలు కలిస్తే మన గోదావరి జిల్లాల పెద్దలకి వెంటనే గుర్తొచ్చే పేరు డాక్టర్ దాట్ల సత్యనారాయణరాజు గారు. పోడూరు వారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్‌లో వైద్యులుగా పనిచేశారు. తర్వాత రాజమండ్రి నుంచి లోక్‌సభకి వెళ్లారు. 1958లో కాకినాడలో రంగరాయ మెడికల్ కాలేజీ పుట్టడానికి కారకుల్లో ముఖ్యులు. ఇద్దరూ వేర్వేరు జెండాల కింద పనిచేశారు. ఒకటి ఆ సామ్రాజ్యం పక్షాన, రెండోది దానికి ఎదురుగా. కాని ఇంటికి తిరిగొచ్చాక ఇద్దరూ వెతుక్కున్నది ఆసుపత్రి గుమ్మాన్నే. రాజు గారి మీద ఒక వారం ప్రత్యేకంగా రాయాలి. రాస్తాను.

మళ్లీ మన గోలీ దగ్గరికి. ఇక్కడిదాకా చదివి, ఆహా ఎంత మంచి మనిషి అనుకుని ఉంటారు. నేనూ అనుకున్నాను. అయితే ఆ క్వారీల చరిత్ర ఇంకాస్త చదివితే గొంతులో ముల్లు పడుతుంది. విరిగిన కాలు అందరికీ కనబడుతుంది. కనబడనిది దుమ్ము. షెడ్డుల్లో పలక కోసినా చీల్చినా లేచే సన్నటి రాతిపిండి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయి, నలభై యాభై ఏళ్లకే మనిషి మెట్టెక్కలేకపోయేవాడు. సిలికోసిస్. కార్మికులు దుమ్మే కారణమని మొత్తుకుంటుంటే, ఉత్తర వేల్స్ క్వారీ డాక్టర్లలో కొందరు దుమ్ము వల్ల ఏ హానీ లేదన్నారు. మరి జబ్బెందుకంటే, టీ ఎక్కువసేపు మరిగించి తాగుతున్నారు అందుకన్నారు! నవ్వొస్తుంది గాని, ఆ మాటకి దశాబ్దాల పాటు విలువుంది. ఎందుకంటే అన్నవాడు డాక్టరు. ఆ డాక్టర్లకి జీతమిచ్చేది క్వారీ యజమాని.

అప్పటికే మూతబడ్డ కంపెనీల్లో దుమ్ము మింగిన కార్మికులకి ప్రభుత్వమే పరిహారం ఇవ్వాలని బ్రిటన్‌లో చట్టం వచ్చింది 1979లో. డినోర్విక్ క్వారీ మూతబడింది 1969లో. మిల్స్-రాబర్ట్స్ పోయింది 1935లో. ఆట ఆడినన్నాళ్లూ ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోని మనిషి, వైద్యం చేసింది కంపెనీ జీతం మీద. పోయిన కాలికి ఆ కంపెనీ వర్క్‌షాపులోనే కాలు చేయించగలిగాడు. పోతున్న ఊపిరికి వర్క్‌షాపులో ఏం చేయిస్తాడు?

మొన్న ధవళేశ్వరం వెళ్లినప్పుడు ఈ సంగతే మనసులో మెదిలింది. 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టినప్పుడు రాయంతా ఆ కొండ నుంచే కొట్టారు. రాళ్లు మొయ్యడానికి పట్టాలు కూడా వేశారు. 1852 నాటికి కట్ట లేచింది. మన అన్నం ముద్ద అక్కణ్ణించే వచ్చింది, దానికి దణ్ణం పెట్టకుండా ఎలా ఉంటాం. పని మధ్యలో, 1848లో, కాటన్ దొరకి జబ్బు చేసింది. సెలవు మీద వెళ్లాడు. ఆయన వచ్చేదాకా కెప్టెన్ ఓర్ పని చూశాడు. ఇదంతా పుస్తకాల్లో ఉంది. కొండ పిండి చేసినవాళ్లకి ఏం జబ్బు చేసిందో, ఎవరు చూశారో నేను చదివిన పుస్తకాల్లో కనబడలేదు. వాళ్లకి ఓ గోలీ డాక్టరైనా ఉంటే బాగుండేదనిపించింది, జీతం ఎవడిచ్చినా సరే.

స్లన్బెరిస్‌లో ఆ క్వారీ ఆసుపత్రిని పాడుబెట్టకుండా మ్యూజియంగా నిలిపారు. 2021లో ఆ పలకరాయి కొండల్ని యునెస్కో ప్రపంచ వారసత్వాల జాబితాలో చేర్చింది. మ్యూజియంలో పాత ఆపరేషన్ సామాన్లు పెట్టారు. ఆసుపత్రి గుమ్మంలో నిలబడితే ఎదురుగా చెరువు, చెరువుకి అవతల ఊరు, ఇవతల మెట్లు మెట్లుగా కోసేసిన కొండ. ఫొటోల్లోనే చూశాను. కొండ చెక్కిన వైపు ముదురు నీలం, వాన తడిస్తే ఇంకా నల్లగా, అచ్చం తడిగుడ్డతో తుడిచిన పలకలాగే ఉంది.